చక్కెర ఉర్దూ మాటా? పంచదారే అచ్చ తెలుగా?

బోధన్‌పిల్ల:
మాది బోధన్ పక్క ఊరు. పెళ్ళయ్యాక రాజమండ్రిలో అత్తగారింట్లో మొదటిసారి టీ పెడుతూ "చక్కెర ఎక్కడుందండీ?" అని అడిగా. బావగారు నవ్వి, "అది ఉర్దూ మాటమ్మా, తెలుగులో పంచదార అంటారు" అన్నారు. డబ్బా మీద స్కెచ్ పెన్నుతో పంచదార అనే రాసుంది. మా దిక్కు చెరకు బండ్ల వెనక పరిగెత్తిన రోజుల నుంచీ నాకు తెలిసింది చక్కెరే. ఆయన చెప్పింది నిజమేనా?

గోదారిగట్టు:
నిజమే. ఉర్దూలో షక్కర్, పారశీకంలో షకర్. నవాబుల పాలనలో మీ వైపు పాతుకుపోయింది. మా పంచదార మాత్రం ఇక్కడి సరుకే. యలమంచిలి దగ్గర పంచదార్ల అని ఊరుంది, ఆ పక్కనే అనకాపల్లి బెల్లం మార్కెట్టు. ఇంకేం కావాలి?

పాతనిఘంటువు:
గోదారిగట్టు గారూ, బండిని వెనక్కి తోలుతున్నారు. ఆ పారశీక షకర్ మన దేశం నుంచి వెళ్ళిందే. సంస్కృతంలో శర్కర అంటే గులకరాయి, ఇసుక పలుకు. చెరకు రసం కాచి పలుకు కట్టిస్తే ఇసుకలాగే ఉంది కాబట్టి దానికీ అదే పేరు పడింది. పాతకాలపు వైద్యుడు సుశ్రుతుడైతే మూత్రంలో పడే రాతి నలుసుల్ని కూడా శర్కర అనే అన్నాడు. టీలో తీపికీ కిడ్నీలో రాయికీ ఒకే మాట!

ప్రాకృతంలో 'ర్క' కాస్తా 'క్క' అయి సక్కర అయింది. మన చక్కెర, కన్నడ సక్కరె, మలయాళ చక్కర ఆ వరసలోవే. పడమటికి పోయిన మాట అరబ్బుల నోట సుక్కర్ అయి, ఇటలీ, ఫ్రాన్సుల మీదుగా ఇంగ్లీషు షుగర్ దాకా వెళ్ళింది. గ్రీకులు సాఖరోన్ అన్నారు. 1879లో బయటపడ్డ శాకరిన్ పేరు దాని నుంచి తీసిందే. షుగర్ ఉన్నవాళ్ళు చక్కెర బదులు వేసుకునే బిళ్ళలోనూ శర్కరే ఉందన్నమాట, పేరు వరకు.

మలయాళంలో చక్కర అంటే బెల్లం. పోర్చుగీసువాళ్ళు అది విని జాగర అన్నారు, ఇంగ్లీషులో జాగరీ అయింది. వాళ్ళు కాలికట్‌లో దిగింది 1498లో. గోల్కొండలో కుతుబ్‌షాహీలు వచ్చింది 1518లో. మరి కేరళవాళ్ళకి ఈ మాట ఏ నవాబు ఇచ్చాడు?

ఇక పంచదార్ల. అక్కడి అయిదు నీటిధారల వల్ల ఆ ఊరికి ఆ పేరు. చక్కెరను మలయాళంలో పంచసార అంటారు. అది కూడా యలమంచిలి నుంచే వెళ్ళిందంటారా? పైగా 'పంచ' సంస్కృతం. అచ్చ తెలుగే కావాలంటే అయిదుతో మొదలెట్టండి.

గోదారిగట్టు:
ఊరి సంగతి వదిలేస్తా. కానీ ఒక మాట. పుట్టింది ఇక్కడే అయినా, తెలంగాణలో ఇన్నాళ్ళు నిలబడింది ఉర్దూ దన్నుతో కాదా? లేకపోతే మా వైపు ఎందుకు పోయింది?

అనంతపురం సీను:
మేమూ చక్కెరే అంటాం సామీ. మాకు పక్కింటోళ్ళు కన్నడమోళ్ళు, సక్కరె అంటారు. అందులో ఉర్దూ దన్ను ఎక్కడుంది?

పాతనిఘంటువు:
మీ వైపు పోయిందని ఎవరన్నారు? రావులపాలెంలో గెల బేరం చేస్తూ పంచదారకేళి కావాలని అడిగి చూడండి. చక్కెరకేళి అంటేనే అర్థమవుతుంది. గుళ్ళో దొప్పలో పెట్టేది చక్కెర పొంగలి. అందులో పడేది బెల్లం! చెరకు తీపి ఏదైనా చక్కెరే అనే పాత అర్థం ఆ దొప్పలో మిగిలిందని నా అనుమానం.

గోదారిగట్టు:
చక్కెర పొంగలి అరవవాళ్ళ మడపళ్ళి (గుడి వంటశాల) నుంచి వచ్చింది, దాన్ని సాక్ష్యానికి తేవద్దు. చక్కెరకేళికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. పండు బాగుంటుంది, అంతే.

బోధన్‌పిల్ల:
ఇదంతా బావగారికి వాట్సాప్‌లో పంపా. 1498 దాకా బుద్ధిగా చదివారట. చక్కెరకేళి దగ్గరికొచ్చేసరికి "అది పండు పేరమ్మా, దాని లెక్క వేరు" అంటున్నారు. డబ్బా మీద పేరు అలాగే ఉంది.