ఏడాదికి ఒకటో రెండో పోస్టులు రాసే గీకు బ్లాగుల్ని ఫాలో అవ్వడం అవసరమా?

సైకిల్‌చైన్:
మా పిన్ని కొడుకు మంచి గీకు బ్లాగులు చెప్పన్నా అంటే ముందు బార్తోష్ చెహనోఫ్‌స్కీది చెప్పా. చూసి "ఈయన ఏడాదికి ఒకటో రెండో రాస్తాడు, ఇంక ఫాలో అవ్వడానికేముంది" అన్నాడు. నాకు మాత్రం అదే నచ్చుతుంది. 2022లో కీ ఇచ్చే వాచీ మీద రాసిన పోస్టు చూడండి, కీ తిప్పితే లోపల స్ప్రింగు ఎలా చుట్టుకుంటుంది, ఆ బలం పళ్ళచక్రాల మీదుగా వచ్చి ఒక బుల్లి ఫోర్కు దగ్గర కొంచెం కొంచెంగా ఎలా వదులుతుంది, టిక్ టిక్ ఎక్కణ్ణుంచి పుడుతుంది, అన్నీ బొమ్మల్లో వేలితో తిప్పి చూడొచ్చు. మా తాతయ్య రోజూ పొద్దున్నే హెచ్ఎంటీకి కీ ఇచ్చేవారు, ఆ చప్పుడేంటో నాకు ముప్పై ఏళ్ళ తర్వాత అర్థమైంది. ఒక్క యాడ్ కూడా లేదు. ఇలాంటిది వారానికోటి రాయమంటే ఎవరి వల్లవుతుంది?

గోలీసోడా:
బ్రో బొమ్మలు బాగున్నాయి, కాదన్ను. కానీ అదే విషయం యూట్యూబ్‌లో పది నిమిషాల్లో అయిపోతుంది కదా. మా ఆఫీసులో బ్లాగు చదివేవాళ్ళు ఒక్కరు లేరు. బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకేచోట చూపించే గూగుల్ రీడర్ 2013 జూలైలో మూసేశాక నేనూ మానేశా, రోజూ వెళ్ళి కొత్తది వచ్చిందా అని ఎవరు చూస్తారు చెప్పు

తోకచుక్క:
రోజూ వెళ్ళక్కర్లేదండీ, రీడర్ పోయింది గానీ ఆర్ఎస్ఎస్ (సైట్లో కొత్తది రాగానే మనకి చేరవేసే ఏర్పాటు) పోలేదు, ఫీడ్లీ లాంటి రీడర్ యాప్‌లో ఒకసారి అడ్రస్ వేస్తే ఆరు నెలలకి రాసినా అదే వచ్చి పడుతుంది. తక్కువ రాసేవాళ్ళకే అది ఎక్కువ ఉపయోగం.
నా వంతు కెన్ షిరిఫ్ బ్లాగు. పాత చిప్పులు ఊడదీసి మైక్రోస్కోప్ కింద ఫొటోలు తీసి ఏ ట్రాన్సిస్టర్ ఏం చేస్తుందో చెప్తారు. 1994లో ఇంటెల్ వాళ్ళ పెంటియం చిప్పు భాగహారం తప్పు చేసిన గొడవ గుర్తుందా, ఇంటెల్‌కి 47.5 కోట్ల డాలర్లు వదిలింది. ఆ తప్పు చిప్పు మీద సరిగ్గా ఎక్కడుందో ఫొటోలో చూపించారు. 2014లో అయితే బిట్‌కాయిన్ మైనింగ్‌లో కంప్యూటర్లు పదేపదే చేసే లెక్కని (దాన్నే హాష్ అంటారు) పెన్సిలు, కాగితంతో చేసి చూసి రోజుకి 0.67 హాష్‌లు తేలతాయన్నారు. ఆ ఒక్క పోస్టుతో హాష్ అంటే ఏంటో నాకు బుర్రకెక్కింది, అంతకుముందు చూసిన వీడియోలతో ఎక్కలేదు.

మిరపబజ్జి:
నేను గవర్నమెంటు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. మీరు చెప్పినవన్నీ ఇంగ్లీషులో పేజీలకి పేజీలు, మా పిల్లలు రెండో పేరా దగ్గరే ఆగిపోతారు. వాళ్ళకి పనికొచ్చింది అరవింద్ గుప్తా గారి సైటు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలతో త్రిభుజాలు, ఇళ్ళు కట్టిస్తారు, ఫొటో చూసి చేసెయ్యొచ్చు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి టెల్కోలో (ఇప్పటి టాటా మోటార్స్) ఉద్యోగం చేసిన మనిషి చెత్తతో బొమ్మలు చేస్తూ తిరిగారు, 2018లో పద్మశ్రీ ఇచ్చారు. క్రియేటివ్ అంటే నా లెక్కలో అదీ.

సైకిల్‌చైన్:
మేడం, ఇంగ్లీషు సంగతి ఒప్పుకుంటా, నేను ఆలోచించలేదు. కానీ వాచీ పేజీలో రాత వదిలేసినా బొమ్మలు నడుస్తాయి. ప్రొజెక్టర్ మీద పెట్టి ఒక పిల్లాణ్ణి పిలిచి తిప్పించండి, మాట మీరు తెలుగులో చెప్పండి. వీడియోలో అయితే వాడు చూస్తాడంతే, ఇక్కడ వాడే ఆపి వెనక్కి తిప్పుతాడు.

గోలీసోడా:
ఆ పాయింటుకి ఒప్పుకుంటున్నా బ్రో, చేత్తో తిప్పడం వీడియోలో రాదు. చిప్పుల పోస్టులకి మాత్రం వీడియోనే బెటరంటా ఇప్పటికీ.

మిరపబజ్జి:
సోమవారం తొమ్మిదో తరగతికి పెట్టి చూస్తాను. మా స్కూల్లో నెట్ సరిగ్గా ఉండదు, ఆ పేజీ ముందే సేవ్ చేసుకుంటే బొమ్మలు తిరుగుతాయా? తెలిసినవాళ్ళు చెప్పండి.