లీగల్ ఎయిడ్ ఇవ్వం అన్నారు, మెడికల్ రిపోర్టు లీక్ కేసు, అప్పీల్ ఎక్కడ?

బోర్డర్ కుర్రోడు:
అన్నలూ కొంచెం చెప్పండి, మాది ఒడిశా బోర్డరు, పర్లాకిమిడి పక్క పల్లె. మా వదిన దగ్గు తగ్గట్లేదని ఒక ప్రైవేటు ల్యాబులో టీబీ టెస్టు చేయించుకుంది, ఆ రిపోర్టు పేరూ వయసూ ఫోన్ నంబరుతో సహా మా వీధి వాట్సాప్ గ్రూపులోకి వచ్చీసింది, ల్యాబులో పనిచేసే అబ్బాయి నంబరు నుంచే, స్క్రీన్‌షాట్ ఉంది. రిజల్టు నెగెటివ్ అనే ఉంది గానీ ఆ లైను ఎవడు చదువుతాడు. ఆవిడ జాకెట్లు కుడుతుంది, ఇప్పుడు కొలతలివ్వడానికి కూడా ఎవరూ గడప తొక్కట్లేదు. నష్టపరిహారం కేసుకి లీగల్ ఎయిడ్ ఆఫీసులో ఫ్రీ లాయర్ని అడిగితే ముందు ఇన్‌కం సర్టిఫికెట్ తెమ్మన్నారు, తెచ్చాక ఇది సైబర్ పోలీసుల పని అని నోటితో చెప్పి పంపీసారు. ఇప్పుడు ఏటి చెయ్యాలి?

గుణుపురం గుమస్తా:
ఆడవాళ్ళకి ఇన్‌కం సర్టిఫికెట్ ఏటి బాబూ! 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళు, ఎస్సీ ఎస్టీలు, పిల్లలు, వికలాంగులు వీళ్ళెవరికీ ఆదాయంతో పన్లేదు. 13వ సెక్షన్లో మాత్రం కేసులో పస ఉందా లేదా అని చూస్తారు, మీకు అడ్డం పడేది అక్కడే. ముందు తిరస్కరించిన కారణం కాగితం మీద అడగండి, ఇవ్వకపోతే అప్లికేషన్ మళ్ళీ రాసి ఇచ్చి రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. నల్సా, అంటే జాతీయ లీగల్ సర్వీసెస్ అథారిటీ, 2010 రెగ్యులేషన్ల ప్రకారం ఏడు రోజుల్లో తేల్చాలి. కాదంటే లీగల్ సర్వీసెస్ అథారిటీ చైర్మన్‌కి అప్పీల్, జిల్లాలో చైర్మన్ అంటే జిల్లా జడ్జిగారే.

రాయగడ రావు:
అప్పీల్ సరే గానీ గెలిచి ఏం వస్తుంది? 2023 డేటా చట్టంలో, అదే మన వివరాలు భద్రంగా ఉంచమనే చట్టంలో, 250 కోట్ల దాకా ఫైన్ అని పేపర్లు ఊదరగొట్టాయి, అది సర్కారు ఖాతాకి పోతుంది, మీ వదినకి పైసా రాదు. దాన్ని పట్టుకుని వెళ్తే ఎవరైనా పొమ్మంటారు.

గుణుపురం గుమస్తా:
రావుగారూ ఆ చట్టం కింద ఎవరు వెయ్యమన్నారండీ, ఐటీ చట్టం 43ఏ సెక్షన్ ఉంది కదా, సున్నితమైన సమాచారం అజాగ్రత్తగా ఉంచి నష్టం చేస్తే పరిహారం ఇప్పించేది. మెడికల్ రికార్డు సున్నితమైన సమాచారం అని 2011 రూల్సులోనే ఉంది, కంపెనీయే కానక్కర్లేదు, సొంత ల్యాబు నడిపేవాడైనా దాని కిందికే వస్తాడు. రిపోర్టులు భద్రంగా పెట్టడంలో ల్యాబు అజాగ్రత్త చూపించాలి, వాళ్ళ అబ్బాయి ఫోన్లోకి పీడీఎఫ్ ఎలా వచ్చిందో అడిగితే అదే మొదలు. 5 కోట్ల లోపు క్లెయిము వినేది రాష్ట్ర ఐటీ సెక్రటరీ, అంటే భువనేశ్వర్. ఆయన కోర్టు కాదు కదా అని మెలిక పెడతారు, లీగల్ సర్వీసెస్ చట్టంలో కోర్టు అంటే జడ్జిలా విచారించే అధికారి కూడా, 2వ సెక్షన్ చూపించండి. అప్పీల్లో ఈ ముక్క రాయకుండా అన్యాయం జరిగింది అని నాలుగు పేజీలు రాస్తే మళ్ళీ అదే జవాబు. నాన్చకండి, రావుగారు చెప్పిన 2023 డేటా చట్టం మొత్తం అమల్లోకి వస్తే 43ఏ పోతుంది, 2025 నవంబర్ నుంచి 18 నెలలే టైము.

బోర్డర్ కుర్రోడు:
చాలా థాంక్స్ అండి. మాకు ఒడియా మాట్లాడ్డమే వచ్చు, రాయడం రాదు, ఇంగ్లీషులో ఇస్తే తీసుకుంటారా?

గుణుపురం గుమస్తా:
ఇంగ్లీషు చెల్లుతుంది. సంతకం మీ వదినదే ఉండాలి, మీది కాదు. లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కి కూడా ఒక ఫోన్ కొట్టి పెట్టండి. ఆ గ్రూపులోంచి మాత్రం ఇప్పుడే బయటికి రావద్దు, మెసేజ్ డిలీట్ చేస్తే స్క్రీన్‌షాట్ ఒక్కటే మిగుల్తుంది, చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి.