మార్చి 28 ఉగాది వేడుక: మన తెలుగు సంఘం పిల్లల 'కన్యాశుల్కం' నాటకం పనులు (ఈ వారమే తేలాలి)

కల్చరల్ (సాంస్కృతిక కార్యదర్శి), సోమవారం రాత్రి
అందరికీ నమస్కారం. నిన్న రిహార్సల్‌కి సగం మంది గంట ఆలస్యంగా వచ్చారు, గడియారం మారిందని గుర్తులేదట. పోనీండి. ఈ వారం తేలాల్సినవి: ఒకటి, పంచెలు, కండువాలు, మధురవాణికి పట్టుచీర, నగలు. రెండు, నవారు మంచం. మూడు, కాలర్ మైకులు ఎన్ని దొరుకుతాయో. నాలుగు, వెంకటేశం వేషం వేసే పిల్లాడికి 28న ట్రాక్ మీట్ (పరుగు పోటీలు) ఉందట, వాళ్ళ కోచ్‌తో ఎవరైనా మాట్లాడాలి. అయిదు, 15వ తేదీకల్లా అందరూ కాగితం లేకుండా డైలాగులు చెప్పాలి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. కానీ పూటకూళ్ళమ్మని 'పూటకుల్లమ్మ' అంటే మాత్రం ఊరుకోను.

గిరీశం అమ్మ
వదినా, చుట్ట సంగతేంటి? స్కూల్ ఆడిటోరియం అద్దె ఫారంలో పొగాకు వస్తువులే కాదు, వాటి నకిలీవి కూడా స్కూల్లోకి తేకూడదని రాసుంది.

కల్చరల్
చుట్ట లేని గిరీశమా! ఖాళీ వేళ్ళతోనే నటించాలి మరి, వేరే దారేముంది? అసలు వాడితో నా బాధ అది కాదు. గిరీశం ఇంగ్లీషు దర్జా కోసం మాట్లాడే ఇంగ్లీషు. మీవాడేమో పుట్టి పెరిగిన ఇంగ్లీషు అలవోకగా చెప్పేస్తున్నాడు. అందులో నవ్వు ఎక్కడినుంచి వస్తుంది? వాళ్ళ తాతగారి చేత ఆ లైన్లు ఒకసారి ఫోన్లో చదివించి వినిపించండి.

ఫుడ్ బాబాయ్
న్యూజెర్సీ ఓక్ ట్రీ రోడ్డులో రెండు ఇండియన్ కొట్లు తిరిగాను, వేపపువ్వు ఇంకా రాలేదన్నారు. ఎవరింట్లోనైనా ఇండియా నుంచి తెచ్చిన ఎండు వేపపువ్వు ఉంటే చెప్పండమ్మా.

ట్రెజరర్, మంగళవారం
వేపపువ్వు, చుట్ట అన్నీ కాసేపు పక్కన పెట్టండి. ఇప్పుడే స్కూల్ వాళ్ళ మెయిల్ వచ్చింది. 28న ఆడిటోరియం మనకి లేదు. మంచుకి స్కూలు మూసిన రోజుల వల్ల వాళ్ళ స్ప్రింగ్ మ్యూజికల్ (పాటల నాటకం) వారం వాయిదా పడింది. 27, 28 రెండు రోజులూ వాళ్ళ షోనే, స్టేజీ మీద సెట్ కూడా వేసే ఉంటుంది. స్కూలు కార్యక్రమాలకే మొదటి హక్కు అని మనం సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది, కాబట్టి అడగడానికేమీ లేదు. డిపాజిట్ తిరిగి ఇస్తారట. 260 టికెట్లు అమ్మేశాం.

మధురవాణి నాన్న
పరాభవ నామ సంవత్సరం పేరుకి తగ్గట్టే మొదలవబోతోంది.

ప్రెసిడెంట్
గుడికి ఫోన్ చేశాను. ఆ శనివారం వాళ్ళ హాల్లో సీతారాముల కల్యాణం. నవమి గురువారం పడింది కదా, కల్యాణం వారాంతానికి పెట్టుకున్నారు. లైబ్రరీ మీటింగ్ రూమ్ ఇస్తారు గానీ టికెట్ పెట్టకూడదట, పైగా ఎనభై మంది కంటే పట్టరు. బాంక్వెట్ హాల్ రేటు ఇక్కడ రాయను, ట్రెజరర్ గారి బీపీ పెరుగుతుంది.

ట్రెజరర్
ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. అదే స్కూల్లో కెఫెటీరియా ఖాళీగా ఉంది, ఇస్తామన్నారు. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్‌లో గది పేరు మార్పించుకుంటే చాలు. అయితే అక్కడ స్టేజీ లేదు, తెర లేదు. డాన్సులకి అవి అక్కర్లేదు, నేల మీద కూడా చేస్తారు. నాటకాన్ని దీపావళికి వాయిదా వేసుకుందాం. 45 నిమిషాలు మిగులుతాయి కూడా.

కల్చరల్
రెండు గంటలుగా ఈ మాట ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాను, వచ్చింది. ఏ ఇబ్బంది వచ్చినా ముందు వేటు నాటకం మీదే. సినిమా పాటలకి ఆరు గ్రూపులు, వాటిలో ఒక్కటి తీయమనండి చూద్దాం! జనవరి నుంచి పదకొండు మంది హైస్కూల్ పిల్లలు శాట్ కోచింగులు, ట్రాక్, డిబేట్ అన్నీ సర్దుకుని ఆదివారాలు వస్తున్నారు. దీపావళికి వాళ్ళలో నలుగురు కాలేజీలో ఉంటారు. అప్పుడు గిరీశం వేషం మీరు వేస్తారా?

ట్రెజరర్
నేను డబ్బు సంగతి చెప్పాను, నాటకం వద్దనలేదు. ప్రతిదీ ఎవరో కుట్ర చేసినట్టు చూస్తే పని సాగదు. పోయిన దీపావళికి కూడా ఇదే ధోరణి.

మధురవాణి నాన్న
దీపావళి ఊసెందుకండీ ఇప్పుడు? మా అమ్మాయి కూచిపూడి ఐటమ్ మానుకుని మరీ ఈ వేషం ఒప్పుకుంది. నాటకం తీసేస్తే నా రెండు టికెట్ల డబ్బులు తిరిగి ఇచ్చేయండి. స్పాన్సర్‌ని కూడా నేనే తెచ్చానని గుర్తుంచుకోండి.

గిరీశం అమ్మ
అయ్యో, స్పాన్సర్ దాకా ఎందుకు అన్నయ్యగారూ.

ప్రెసిడెంట్
ఇద్దరికీ ఫోన్ చేస్తున్నాను. ఎత్తండి. ఈ రాత్రికి ఇక్కడ ఎవరూ ఏమీ రాయకండి.

రామప్పంతులు, బుధవారం సాయంత్రం (టైపు చేస్తున్నది వాళ్ళమ్మ)
వీడు చెప్పమన్నది రాస్తున్నాను. స్కూల్ మ్యూజికల్‌కి వీడు స్టేజ్ క్రూలో ఉన్నాడు. ఆ సెట్ రెండంతస్తులది, చక్రాలు లేవు, శనివారం ఎవరూ కదపలేరు, వాళ్ళని బతిమాలి లాభం లేదంటున్నాడు. కెఫెటీరియాలో మధ్యలో ఆడి, మూడు వైపులా కుర్చీలు వేయొచ్చు కదా అంటున్నాడు. వాళ్ళ డ్రామా టీచర్ ఒకసారి అలా చేయించారట. 27 రాత్రి వీడికి షో ఉంది, 28న మ్యాట్నీ అయ్యాక మన దగ్గరికి వస్తాడు. అందుకని నాటకం ఆరింటి తర్వాతే పెట్టాలి.

ఫుడ్ బాబాయ్
కుర్రాడు చెప్పింది కొత్తేమీ కాదమ్మా. వీధి భాగవతం చూసినవాళ్ళం మేం. మూడు పక్కలా జనం, పట్టుకోవడానికి ఒక తెర, అంతే. సురభి నాటక సమాజం వాళ్ళు 1885లో మొదలుపెట్టి ఊరూరా డేరాలు వేసి ఆడారు, ఎవరి ఆడిటోరియం కోసమూ ఆగలేదు. వాళ్ళ మాయలు, సెట్టింగులు మనకి రావు, అది వేరే సంగతి.

కల్చరల్
బాబాయ్ గారూ, మూడు పక్కలా జనం ఉంటే బ్లాకింగ్ (ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎటు కదలాలి) మొత్తం మళ్ళీ చేయాలి. ఇన్నాళ్ళూ పిల్లలకి వీపు చూపించొద్దని నేర్పి, ఇప్పుడు చూపించమనాలి. మంచం సీను చూడండి. పూటకూళ్ళమ్మ చీపురుతో వస్తుంది, గిరీశం మంచం కిందకి దూరతాడు, అక్కడ రామప్పంతులు ముందే నక్కి ఉంటాడు. ఒక వైపే జనం ఉంటే ఎదర దుప్పటి వేలాడదీసి సరిపెట్టొచ్చు. మూడు వైపులా అంటే కింద ఇద్దరూ ఎలా ఇరుక్కున్నారో అందరికీ కనిపిస్తుంది.

(పది నిమిషాల తర్వాత) కనిపిస్తే ఇంకా బాగుంటుందేమో. దుప్పటి తీసేద్దాం. కింద వాళ్ళ మొహాలు చూస్తూ పైన మధురవాణి మాటలు వినడం. రేపు మా బేస్‌మెంట్‌లో ఆ ఒక్క సీను చేసి చూస్తాం, ముగ్గురు పిల్లల్ని పంపండి.

లైట్లు, సౌండ్
అక్కా, రెండు సమస్యలు. గది రెండు వైపులా అద్దాలే. ఆ రోజు ఏడుంబావు దాకా పొద్దు ఉంటుంది, అప్పటిదాకా నా లైట్లు వెలిగినా ఆరినా ఒకటే. రెండోది, వెండింగ్ మెషీన్ల రొద. ప్లగ్గులు తీయొద్దన్నారు. ఆడిటోరియం మైకులు కిందికి ఇవ్వరు, నా దగ్గర చేతిమైకులు రెండే.

కల్చరల్
మైకులు వద్దు తమ్ముడూ. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడినప్పుడు ఏ మైకుంది? గొంతెత్తి చెప్పిస్తాను. పగలు పగల్లాగే ఉండనీ, చీకటి చేసే సీన్లు రెండూ తీసేస్తున్నా. ఎటూ గురజాడ తిరగరాసిన 1909 ప్రతి మొత్తం ఆడాలంటే రాత్రి తెల్లవారుతుంది.

ట్రెజరర్, గురువారం
కెఫెటీరియా ఖాయం చేశాను. కస్టోడియన్‌కి గంటల లెక్కన కట్టినా ఆడిటోరియం కంటే తక్కువే పడుతోంది. మిగిలిన దాంట్లోంచి నాటకానికి అద్దె కాస్ట్యూములు తీసుకోండి వదినా, బిల్లు నాకు పంపండి.

ఒక చిక్కు ఉంది. కుర్చీలే వేస్తే 300 మంది, టేబుళ్ళు కూడా వేస్తే 190. మన పిల్లలు, వాలంటీర్లు కలిపితేనే డెబ్భై పైన.

కల్చరల్
థాంక్స్ అన్నయ్యగారూ. మొన్న కాస్త గట్టిగా అన్నాను.

ప్రెసిడెంట్
పక్కన రెండు క్లాసురూములు అడిగాను, ఇస్తామన్నారు. వంతు వచ్చేదాకా పిల్లలు అక్కడ ఉంటే ఆ లెక్క వేరు. టేబుళ్ళు మాత్రం కుదరవు. బాబాయ్ గారూ, భోజనం?

ఫుడ్ బాబాయ్
విస్తరి భోజనం అని ఫ్లయర్‌లో వేశాం. ఇప్పుడు పొట్లాలు ఇస్తే తిట్టేది నన్నే. ముందు నాటకం ఆడేసుకుని, కుర్చీలు మడిచి, టేబుళ్ళు వేసి, రెండు బంతుల్లో వడ్డిద్దాం. ఒక బంతి తింటుంటే రెండో బంతి వాళ్ళు కారిడార్‌లో అంత్యాక్షరి ఆడుకుంటారు. సాంబారు ఒక్కటే భయం, తివాచీ లేదు కాబట్టి పర్వాలేదు.

గిరీశం అమ్మ, శుక్రవారం
నవారు మంచం ఎక్కడా దొరకలేదు. కెఫెటీరియా మడత టేబుల్ ఒకటి మంచం చేసేయొచ్చా? కింద ఇద్దరు పడతారు, మావాడు ఆరడుగులు కాబట్టి కాళ్ళు బయటికి వస్తాయి.

కల్చరల్
రానీండి, పంతులు చేత ఆ కాళ్ళు లోపలికి లాగిస్తాను. నిన్న బేస్‌మెంట్‌లో చేసి చూశాం, చీపురు దెబ్బ దగ్గర మావారు కుర్చీలోంచి లేచి నవ్వారు. ఆయన నవ్వడమే వార్త. తెరకి రెండు నేత చీరలు కావాలి, అటొకరు ఇటొకరు పట్టుకుంటారు.

లైట్లు, సౌండ్
లైట్ల పని లేదుగా, చీర ఒక కొస నేను పట్టుకుంటా.

మధురవాణి నాన్న
రెండో కొస నాది. మంగళగిరి చీరలు మా ఆవిడ దగ్గర ఉన్నాయి. వెంకటేశం ట్రాక్ మీట్ సంగతి ఎవరైనా కనుక్కున్నారా?

కల్చరల్
ఎవరూ కనుక్కోలేదు. వాడు రాకపోతే మా రెండోవాడు వేస్తాడు, ఆదివారాలు వంటింట్లోంచి విని అన్ని లైన్లూ వాడికి వచ్చేశాయి. ఎనిమిదో తరగతే, ఫర్వాలేదు.

ప్రెసిడెంట్
స్కూల్ వాళ్ళు ఇంకోటి చెప్పారు, మంట పనికిరాదు. జ్యోతి ప్రజ్వలనకి బ్యాటరీ దీపాలు ఎవరు తెస్తారు? 28 మధ్యాహ్నం ఒంటిగంటకి తలుపు తీస్తారు, కుర్చీలు వేయడానికి పదిమంది కావాలి.

గిరీశం అమ్మ
దీపాలు నావి. కుర్చీలకి మా ఆయన వస్తారు. పిల్లలకి పంచెలు కట్టడం ఎవరికి వచ్చు? మా ఇంట్లో ఎవరికీ రాదు.

ఫుడ్ బాబాయ్
నాకొచ్చు. సాంబారు పొయ్యి మీదకి ఎక్కించాక వస్తాను. బెల్టులు తెచ్చుకోమనండి.