పారిస్‌లో కొన్నవాటికి ట్యాక్స్ రీఫండ్: కస్టమ్స్ పని ఎక్కడ చేయించుకోవాలి?

వచ్చే నెల పారిస్ వెళ్లి, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా తిరిగొస్తున్నాం. షాపులో వంద యూరోలు దాటి కొంటే విదేశీ పర్యాటకులకు వ్యాట్ వెనక్కిస్తారని, కొన్నప్పుడే పాస్‌పోర్ట్ చూపించి ఫారం అడగాలని తెలుసు. (వ్యాట్ 20 శాతమైనా అంతా చేతికి రాదు, మధ్యలో ఏజెన్సీ కమీషన్ కోసుకుంటుంది. వచ్చిందే చాల్లెండి.)

చిక్కంతా కస్టమ్స్ దగ్గరే. యూరోపియన్ యూనియన్ దాటే చివరి ఎయిర్‌పోర్టులో ఫారం చూపించాలంటారు. మరి సూట్‌కేసు పారిస్‌లోనే చెకిన్ అయిపోతుంది కదా, లోపలున్న కోటు చూపించమంటే ఎలా? పారిస్ ఎయిర్‌పోర్టులోనే పాబ్లో మిషన్‌లో (కస్టమ్స్ ముద్రకు బదులుగా పనిచేసే యంత్రం) ఫారం స్కాన్ చేస్తే సరిపోతుందా? చేతిసంచిలోని వాచీకి మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్‌లో విడిగా ముద్ర వేయించాలా? రెండు విమానాల మధ్య గంటన్నరే ఉంది. ఈమధ్య ఇలా వెళ్లొచ్చినవాళ్లుంటే కాస్త చెప్పండి.