బ్లాక్ ఫ్లాగ్ గిటారిస్ట్ పెట్టిన "గాన్" నాకు ఎక్కట్లేదు, మీకు ఎలా ఎక్కింది?

మూడోతీగ:
అమెరికన్ పంక్ బ్యాండ్ బ్లాక్ ఫ్లాగ్ ఆల్బమ్ 'డ్యామేజ్డ్' (1981) నాకు కంఠతా వచ్చు. ఆ ఊపులోనే వాళ్ల గిటారిస్ట్ గ్రెగ్ గిన్ వేరే ఇద్దరితో కలిసి చేసిన గాన్ మొదటి ఆల్బమ్ (1986) పెట్టాను. తీరా చూస్తే పాడేవాడే లేడు! గిటార్ మెలికలు తిరుగుతూ పోతూనే ఉంది. నాలుగో ట్రాక్‌కి వచ్చేసరికి ఏది ఎక్కడ మొదలైందో కూడా తెలియలేదు. లోపం నా చెవిలో ఉందా, రికార్డులోనే ఉందా? ఇష్టంగా వినేవాళ్లు కాస్త దారి చెప్పండి.

కాసెట్‌కాలం:
చెవి బానే ఉంది తమ్ముడూ, నువ్వు మధ్యలో ఐదేళ్లు దాటేశావు, అంతే. 'డ్యామేజ్డ్' తర్వాత యూనికార్న్ అనే కంపెనీతో కోర్టు గొడవల్లో పడి వాళ్లు కొత్త రికార్డు వేసుకోలేకపోయారు. ఆ ముడి వీడాక 1984లో వరసబెట్టి వదిలారు. ముందు వాటిలో 'మై వార్' ఆల్బమ్ రెండో సైడ్ పెట్టు. ఉన్నవి మూడే పాటలు, ఒక్కోటి ఆరు నిమిషాల పైనే. అంత పరుగెత్తిన బ్యాండ్ మోకాలి లోతు బురదలో నడుస్తున్నట్టుంటుంది. ఆ తర్వాత 1985 నాటి 'ద ప్రాసెస్ ఆఫ్ వీడింగ్ అవుట్'. నాలుగు ట్రాకులు, ఒక్క మాట ఉండదు. ఈ వరసలో వెళ్లాను కాబట్టేనేమో, గాన్ దగ్గరికొచ్చేసరికి గొంతు లేదన్న సంగతి నాకు తట్టనే లేదు.

బేస్‌బాబు:
అన్న చెప్పిన వరస కరెక్టే. దానికి నాదో మాట: గిటార్‌ని కాసేపు పట్టించుకోకు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆండ్రూ వైస్ బేస్ (లోతు స్వరాల గిటార్) ఒక్కటే పట్టుకో. పాటలో గాయకుడు చేసే పని అక్కడ బేస్ చేస్తుంది. ఒక ముక్క చెప్తుంది, మళ్లీ అదే చెప్తుంది, ఇంకోసారి కొంచెం మార్చి చెప్తుంది. సిమ్ కెయిన్ డ్రమ్స్ దాన్ని ముందుకు తోస్తుంటాయి. గిన్ పైనుంచి అడ్డం వస్తుంటాడు. నేను మొదటిసారి ఇలా విన్నప్పుడు తెలియకుండానే కాలు ఆడించడం మొదలుపెట్టాను. అంతకుముందు నాలుగుసార్లు మధ్యలో ఆపేసిన రికార్డే అది. బ్లాక్ ఫ్లాగ్ గాయకుడు హెన్రీ రాలిన్స్ తర్వాత సొంత బ్యాండ్ పెట్టుకున్నప్పుడు ఈ ఇద్దర్నీ తీసుకున్నాడంటే ఊరికే కాదు.

నిప్పురవ్వ:
నేనైతే ఒప్పుకోను. గిన్ సోలో రెండు నిమిషాల పాటలో వస్తే సూదితో గుచ్చినట్టుంటుంది. అదే సూదితో గంటసేపు గుచ్చుతానంటే ఎవడు కూర్చుంటాడు? అక్టోబర్ ఫ్యాక్షన్ కూడా విన్నాను. గిన్, బ్లాక్ ఫ్లాగ్ పాత బేసిస్ట్ చక్ డుకౌస్కీ, ఇంకొందరు కలిసి అప్పటికప్పుడు వాయించింది. రిహార్సల్ గది తలుపు వేయడం మర్చిపోయారా అనిపించింది. రికార్డు వేసే లేబుల్‌ వాళ్లదే కదా (ఆ ఎస్ఎస్‌టీ కంపెనీ గిన్ సొంతం), వద్దనేవాడు లేకపోతే ఇలాగే ఉంటుంది.

బేస్‌బాబు:
అక్టోబర్ ఫ్యాక్షన్ విషయంలో నీతో గొడవ పడను 😄 కానీ 1986 టూర్‌లో గిన్ ముందు గాన్‌తో ఒక సెట్, తర్వాత బ్లాక్ ఫ్లాగ్‌తో ఇంకో సెట్, ఒకే రాత్రి రెండూ వాయించేవాడు. సరదాకి చేసేవాడు అంత ఒళ్లు వంచడు. ఆ ఏడాదే బ్లాక్ ఫ్లాగ్ ఆగిపోయింది.

రెండుబేసులు:
అందరూ గిన్ చుట్టూనే తిరుగుతున్నారు, బ్లాక్ ఫ్లాగ్‌లోనే బేస్ వాయించిన కిరా రోస్లర్‌ని మర్చిపోయారు. మినిట్‌మెన్ అనే బ్యాండ్ బేసిస్ట్ మైక్ వాట్‌తో ఆమె పెట్టిన 'దోస్' వినండి. స్పానిష్‌లో రెండు అని అర్థం. వాయిద్యాలు రెండు బేసులే, డ్రమ్స్ లేవు, గిటార్ లేదు. మొదటి ఆల్బమ్ 1986లో, నాలుగోది 2011లో వచ్చింది. తొందర లేని మనుషులు.

నేనూ నా ఫ్రెండూ అలా వాయిద్దామని కూర్చున్నాం. మొదటి రోజు వినిపించింది మోత తప్ప ఇంకేం లేదు. ఇద్దరం లావు తీగ మీదే ఉన్నాం, ఏ నోటు ఎవరిదో మాకే తెలియదు. రెండో రోజు వాడు పన్నెండో ఫ్రెట్ (మెడ మీది గీత) దాటి పై స్వరాలకి వెళ్లాడు, వాడి ఆంప్‌లో (యాంప్లిఫైయర్) లోతు శబ్దాల బేస్ నాబ్ బాగా తగ్గించాం, నేను కిందే ఉండి సగం నోట్లు మానేశాను. అప్పుడు విడివిడిగా వినిపించాయి. మళ్లీ రికార్డు పెడితే అర్థమైంది, వాళ్లిద్దరూ ఒకరు మాట్లాడుతుంటే ఒకరు ఎంతసేపు ఆగుతున్నారో.

నిప్పురవ్వ:
దోస్ బాగుంటుంది. అది వేరే లెక్క. అక్కడ ఎవరూ గొప్పలు పోరు.

కాసెట్‌కాలం:
ఇదిగో, వీడి నోట్లోంచి 'బాగుంటుంది' అనే మాట కూడా వచ్చింది.

మూడోతీగ:
వారం తర్వాత వస్తున్నా. 'మై వార్' రెండో సైడ్ మొదట చిరాకు, మూడోసారికి వదల్లేకపోయాను. గాన్‌లో బేస్ వెంటపడితే సగం వరకు దారి దొరికింది, తర్వాత గిటార్ మళ్లీ లాగేసింది. దోస్ మాత్రం రాత్రి లైట్లు ఆర్పి పెట్టుకున్నాను, అయిపోయాక మళ్లీ మొదటి నుంచి పెట్టాను. @రెండుబేసులు గారూ, మీ ఫ్రెండ్ ఆంప్‌లో బేస్ తగ్గించి మిడ్ (మధ్య స్వరాలు) ఏమైనా పెంచారా? మా వాడి దగ్గరా ఒక బేస్ ఉంది.