పెద్ద ఆన్‌లైన్ సైట్లలో అమ్మితే చివరికి చేతికి మిగిలేది ఎంత?

చెక్కబొమ్మలు: అందరికీ నమస్కారం. నేను చెక్క బొమ్మలు చేసి ఒక పెద్ద సైట్‌లో అమ్ముతున్నాను. ఆర్డర్లు బాగానే పెరిగాయి, డబ్బు మాత్రం పెరగడం లేదు. కమిషన్ 15 శాతమే అన్నారు. సెటిల్‌మెంట్ (సైట్ కోతలు పోను నాకు పంపే డబ్బు లెక్క) చూస్తే అమ్మిన ధరలో దాదాపు సగం కోతలకే పోతోంది. మీ అందరికీ ఇంతేనా? ఎక్కడ పోతోందో ఎలా కనిపెట్టారు?

గోడౌన్ లెక్కలు: కమిషన్ ఒక్కటే చూస్తే లెక్క తేలదండి. ప్రతి ఆర్డర్‌కీ ఒక స్థిరమైన ఫీజు, ప్యాకింగ్, షిప్పింగ్, వాళ్ల గోడౌన్‌లో పెడితే నిల్వ అద్దె, ప్రకటనలు, రిటర్న్‌లు, ఇవన్నీ కలపాలి. తక్కువ ధర వస్తువును ముంచేది ఆ స్థిరమైన ఫీజే. ధర ఎంతైనా అది తగ్గదు కదా.

బొమ్మలంటున్నారు కాబట్టి ముందు మీ పెట్టె కొలతలు చూసుకోండి. షిప్పింగ్‌లో అసలు బరువు, కొలతల బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికే వసూలు చేస్తారు. చాలాచోట్ల పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 30×25×20 పెట్టె అయితే 3 కిలోలు. లోపల బొమ్మ అరకిలో ఉన్నా సరే, మీరు కట్టేది 3 కిలోలకి. అదే బొమ్మ 25×20×10 పెట్టెలో పడితే 1 కిలో. నాకు తెలిసినంతలో ఇంత తేలిగ్గా తగ్గే ఖర్చు ఇంకోటి లేదు.

సైజుల తలనొప్పి: నాది బట్టల వ్యాపారం. మా దగ్గర రిటర్న్‌లే అసలు ఖర్చు. 100 పంపితే 20 వెనక్కొచ్చాయనుకోండి, ఆ 20కి రానూపోనూ షిప్పింగ్ మిగతా 80 మీద పడుతుంది. మడత నలిగినవి, వాడి పంపినవి మళ్లీ కొత్తవాటిగా అమ్మలేం. సైజు కొలతలను ఫోటో మీదే వేశాక రిటర్న్‌లు బాగా తగ్గాయి. వివరణ ఎవరూ చదవరు, ఫోటో అందరూ చూస్తారు.

కీవర్డ్ వేట: ప్రకటనల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏదైనా వెతికితే మొదటి పేజీలో పై వరసలు ఇప్పుడు చాలావరకు స్పాన్సర్డ్‌వే. క్లిక్‌కి ఇంత అని వేలం. మీ లాభం ధరలో 20 శాతం, 20 క్లిక్‌లకి ఒక ఆర్డర్ వస్తుందనుకుంటే, క్లిక్‌కి ధరలో 1 శాతం పెట్టిన దగ్గరే లాభం సున్నా అయిపోతుంది. ఈ లెక్క వేయకుండా బడ్జెట్ పెంచకండి. 'బొమ్మలు' లాంటి పెద్ద మాట మీద పెద్ద కంపెనీలతో పోటీ పడలేం. వయసు, చెక్క రకం కలిపి వెతికేవాళ్లు తక్కువే, కానీ కొనేది వాళ్లే.

చెక్కబొమ్మలు: పెట్టె లెక్క చూసి గుండె ఆగినంత పనైంది. ఈ రోజే కొలుస్తాను. ఇంకో బాధ కూడా ఉంది. నా దగ్గర బాగా అమ్ముడయ్యే బొమ్మలాంటిదే ఆ సైట్ సొంత బ్రాండ్ పేరుతో తక్కువ ధరకి వచ్చింది. వెతికితే నాకంటే పైన అదే కనిపిస్తోంది. నా అమ్మకాల వివరాలన్నీ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. దీనికి ఎవరితో పోరాడాలి?

నిబంధనలు చదువుతా: మీ ఒక్కరి అనుమానం కాదండి ఇది. సెల్లర్ల డేటాను అమెజాన్ తన సొంత అమ్మకాలకి వాడుకుంటోందా అని యూరోపియన్ యూనియన్ పాలనా సంస్థ అయిన యూరోపియన్ కమిషన్ 2019లో దర్యాప్తు మొదలుపెట్టింది. బయటికి తెలియని సెల్లర్ డేటాను అలా వాడబోమని, 'బయ్ బాక్స్' (వస్తువు పేజీలో 'కొనండి' బటన్ ఏ సెల్లర్‌కి దక్కుతుందో ఆ చోటు)కి సెల్లర్లందరినీ సమానంగా చూస్తామని అమెజాన్ ఇచ్చిన హామీలను 2022 డిసెంబర్‌లో యూరోపియన్ కమిషన్ ఆమోదించింది. అవి యూరప్‌కే. అమెరికాలో 2023 సెప్టెంబర్‌లో ఎఫ్‌టీసీ (వ్యాపార పోటీని, వినియోగదారుల హక్కులను చూసే ప్రభుత్వ సంస్థ), 17 రాష్ట్రాలు కలిసి అమెజాన్‌పై కేసు వేశాయి. బయట తక్కువ ధరకి అమ్మేవాళ్లని శిక్షిస్తోందన్నది అందులో ఒక ఆరోపణ. అమెజాన్ ఆరోపణలను ఖండించింది.

యూరప్‌లో 2020 జులై నుంచి ఇంకో నిబంధన అమల్లో ఉంది. షరతులు మార్చే ముందు మామూలుగా కనీసం 15 రోజుల నోటీసివ్వాలి, ఖాతా ఆపితే కారణం చెప్పాలి, ర్యాంకింగ్‌కి ముఖ్యంగా ఏం చూస్తారో చెప్పాలి. ఇలాంటిది అన్ని దేశాల్లోనూ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కారణం చెప్పకుండా ఖాతా ఆపేస్తే ఒక కుటుంబం ఆదాయం ఆగిపోతుంది.

సొంత సైట్ నాది: అందుకే సొంత సైట్ ఒకటి పెట్టుకోమంటాను. అక్కడ కొన్నవాళ్లు మీ కస్టమర్లు. మార్కెట్‌ప్లేస్‌లో, అంటే అందరూ అమ్మే ఇలాంటి పెద్ద సైట్‌లో, కొన్నవాళ్ల ఫోన్ నంబర్ కూడా మామూలుగా మీకు దక్కదు.

కీవర్డ్ వేట: ఒప్పుకోను. సొంత సైట్‌కి జనాన్ని రప్పించడానికీ ప్రకటనలకి డబ్బు పెట్టాలి, డెలివరీ మీద నమ్మకం కూడా మొదటి నుంచి కూడగట్టుకోవాలి. మళ్లీ మళ్లీ కొనే వస్తువైతేనే అది గిట్టుబాటు.

సొంత సైట్ నాది: అదీ నిజమే. పిల్లలు పెరిగేకొద్దీ బొమ్మలు మళ్లీ కొంటారు కదా, అందుకే చెప్పాను.

చెక్కబొమ్మలు: అందరికీ చాలా థాంక్స్. చిన్న బొమ్మల్ని విడిగా కాకుండా సెట్‌గా అమ్మి, ఆ స్థిరమైన ఫీజు ఒక్కసారే పడేలా చూస్తాను. పెద్ద మాటల మీద ప్రకటనలు ఆపేస్తున్నాను.

గోడౌన్ లెక్కలు: సెట్ లిస్టింగ్ పెట్టే ముందు వాళ్ల గోడౌన్‌లో ఉన్న పాత స్టాక్ చూడండి. ఎక్కువ నెలలు కదలని సరుకుకి అద్దె పెంచే సైట్లున్నాయి. వెనక్కి తెప్పించుకోవడానికీ ఫీజు ఉంటుంది. రెండూ పోల్చుకుని, తగ్గించి అమ్మేయడమే మేలనిపిస్తే ముందు అది కానివ్వండి.