దొడ్డుప్పుకి మారితే బీపీకి మంచిదా? గర్భిణి ఉన్న ఇంట్లో అయోడిన్ సంగతేంటి?

మానేరు_ఒడ్డు (ప్రశ్న)

ఇంట్లో నలుగురం. నాన్నకి 63 ఏళ్ళు, బీపీకి రోజూ టెల్మిసార్టాన్ 40 వేసుకుంటారు. చెల్లెలికి ఐదో నెల, కాన్పు అయ్యేదాకా ఇక్కడే ఉంటుంది. ప్యాకెట్ ఉప్పు మానేసి సముద్రపు దొడ్డుప్పు వాడమని, దాంట్లో ఖనిజాలుంటాయని, బీపీ పెరగదని చుట్టాలు గట్టిగా చెప్తున్నారు. సంతలో విడిగా అమ్మే దొడ్డుప్పు ఐదు కిలోలు తెచ్చాం. కొంచెం మట్టి ఉంది, చెమ్మగా కూడా ఉంది.

బీపీకి నిజంగా తేడా ఉంటుందా? సముద్రం నుంచి వచ్చిందే కదా, అయోడిన్ దాంట్లోనే ఉంటుందా? కడిగి వాడొచ్చా? రోజుకి ఎంత వేయాలో చెంచాల లెక్కలో చెప్పండి, ఉట్టి గ్రాములు చెప్తే వంటింట్లో పనికి రావట్లేదు.

పోషణ_పట్టిక

ముందు మీ చెల్లెలి సంగతి చూద్దామండీ, మిగతావి తర్వాత. సంతలో విడిగా కొన్న ఆ ఉప్పుతో ఆమెకి వంట చేయకండి.

సముద్రపు ఉప్పులో అయోడిన్ సహజంగానే ఉంటుందన్నది చాలామంది నమ్మకం. లెక్క వేసి చూడండి. లీటరు సముద్రపు నీటిలో ఉప్పులన్నీ కలిపి సుమారు 35 గ్రాములు, అయోడిన్ సుమారు 60 మైక్రోగ్రాములు. ఆ అయోడిన్ మొత్తం ఉప్పులోకే వచ్చిందనుకున్నా, మనం తినే 5 గ్రాముల్లో 9 మైక్రోగ్రాములు మించదు. నిజానికి అంత కూడా రాదు, ఎక్కువ భాగం ఉప్పు పండించే మడిలో మిగిలిన నీటితోనే పోతుంది. పెద్దవాళ్ళకి రోజుకి 150 మైక్రోగ్రాములు కావాలి, గర్భిణికి 250. అయోడిన్ కలిపిన ఉప్పు మన చేతికి వచ్చేటప్పటికి కనీసం 15 పీపీఎం (కిలోకి 15 మిల్లీగ్రాములు) ఉండాలని నిబంధన. అంటే 5 గ్రాముల్లో 75 మైక్రోగ్రాములు, 30 పీపీఎం ఉంటే 150. మిగతాది పాలు, పెరుగు, గుడ్లు, సముద్రపు చేపల నుంచి రావాలి. ఆమె వేసుకునే గర్భిణుల మాత్రలో అయోడిన్ ఉందో లేదో ఒకసారి పెట్టె మీద చదివి డాక్టర్‌ని అడగండి. ఈ లోటు కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదల మీదే దెబ్బ కొడుతుంది, పుట్టాక ఎంత తినిపించినా అది పూడదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

దొడ్డుప్పే కావాలంటే అయోడిన్ కలిపిన దొడ్డుప్పు కూడా ప్యాకెట్లలో దొరుకుతుంది. నవ్వుతున్న సూర్యుడి గుర్తు చూసి కొనండి. 2006 నుంచి మన దేశంలో నేరుగా తినడానికి అమ్మే ఉప్పుకి అయోడిన్ తప్పనిసరి. సంతల్లో గోనె సంచుల్లో ఉండేది చాలావరకు తోళ్ళకి, పశువులకి, నిల్వ పనులకి ఉద్దేశించినది.

ఇక బీపీ. బీపీని పెంచేది సోడియం. ఏ ఉప్పు తీసుకున్నా, పొడి ఉప్పు, దొడ్డుప్పు, సైంధవ లవణం, ఎండిన గ్రాము ఉప్పులో 390 మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే సోడియం ఉంటుంది. దొడ్డుప్పులో చెమ్మ ఉంటుంది కాబట్టి గ్రాముకి కాస్త తగ్గుతుంది, అంతే. ‘దొడ్డుప్పుకి మారాక బీపీ తగ్గింది’ అనే మాటకి ఆధారం వేరే చోట ఉంది: 5 మిల్లీలీటర్ల కొలత చెంచాలో పొడి ఉప్పు తలకొట్టి పోస్తే సుమారు 6 గ్రాములు పడుతుంది. గడ్డల మధ్య ఖాళీలుంటాయి కాబట్టి దొడ్డుప్పు అంతకంటే తక్కువే పడుతుంది. అదే చెంచాతో వేసేవాళ్ళు తెలియకుండానే ఉప్పు తగ్గిస్తారు. రుచి చాలక ఇంకాస్త వేస్తే ఆ లాభం కూడా పోతుంది.

ఖనిజాల మాట కూడా తేల్చేద్దాం. శుద్ధి చేయని ఉప్పులో మెగ్నీషియం బాగా ఉందనుకుని అర శాతం వేసుకున్నా, 5 గ్రాముల్లో 25 మిల్లీగ్రాములు. పది గ్రాముల నువ్వుల్లో అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఖనిజాలు రాగులు, నువ్వులు, ఆకుకూరల నుంచి తెచ్చుకోవాలి గానీ ఉప్పు నుంచి కాదు.

రోజుకి మనిషికి 5 గ్రాముల లోపు, అంటే సోడియం 2000 మిల్లీగ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రెండూ చెప్తున్నాయి. ఇది పచ్చడి, అప్పడం, బయటి తిండి అన్నీ కలిపి. వాటికి పావు వంతు వదిలేస్తే, నలుగురికి కలిపి వంటలో పడాల్సింది రోజుకి 15 గ్రాములు, అంటే తలకొట్టిన కొలత చెంచాతో రెండున్నర చెంచాల పొడి ఉప్పు. కిలో ప్యాకెట్ విప్పిన రోజే దాని మీద తేదీ రాయండి. రెండు నెలలు దాటి వస్తే మీరు దారిలో ఉన్నట్టు. నెలకే అయిపోతుంటే రెట్టింపు తింటున్నారు.

ఉప్పుమడి

కడగడం గురించి చెప్తాను. పైన చెప్పినట్టు అయోడిన్ దొడ్డుప్పు కొన్నా, దాన్ని నీళ్ళలో కడిగితే కొన్న ప్రయోజనం పోతుంది. గడ్డ ఉప్పు మీద అయోడేట్ (అయోడిన్ ఇచ్చే లవణం) ద్రావణాన్ని పిచికారీ చేస్తారు, అది పైపైనే ఉంటుంది. కడిగిన నీళ్ళతో ముందు పోయేది అదే.

మీ ఉప్పు చెమ్మగా ఎందుకుందంటే, అందులో మెగ్నీషియం క్లోరైడ్ మిగిలిపోయింది. చినగంజాం, కనపర్తి, ఇసకపల్లి, నౌపడా వైపు మడుల్లో సముద్రపు కాలువ నీళ్ళో, భూమిలోని ఉప్పు నీళ్ళో ఒక మడి నుంచి ఇంకో మడికి పారిస్తూ ఎండలో చిక్కబరుస్తారు. నీటి చిక్కదనం బామే అనే కొలతలో 25 డిగ్రీలకి వచ్చాక ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. 29, 30 దగ్గర మిగిలిన చేదు నీళ్ళు బయటికి వదిలేయాలి. వదలకుండా ఇంకా ఎండనిస్తే మెగ్నీషియం లవణాలు ఉప్పుతో కలిసి దిగుతాయి. నాలుక మీద చేదు, గాలిలో తేమ లాగడం, డబ్బాలో నీరు చేరడం, అన్నిటికీ మూలం అదే. తీసిన ఉప్పుని గుట్ట పోసి తాటాకు కప్పి కొన్నాళ్ళు ఉంచితే ఆ చేదు నీరు తనంతట తానే కారిపోతుంది. అందుకే ఊరగాయలకి పాత ఉప్పు అడుగుతారు.

ఇంకో మాట. ప్యాకెట్‌లో తెల్లటి పొడి ఉప్పుని ‘కెమికల్’ అనుకోవడం సరికాదు. దేశంలో తయారయ్యే ఉప్పులో నాలుగింట మూడొంతులకి పైగా గుజరాత్ నుంచే వస్తుంది, అక్కడా సముద్రపు నీళ్ళు, భూమిలోని ఉప్పు నీళ్ళే ఆధారం. దాన్ని చిక్కటి ఉప్పు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, పొడి చేసి, అయోడిన్ కలుపుతారు. గడ్డకట్టకుండా వేసే పదార్థం పేరు ప్యాకెట్ మీదే ఉంటుంది. 536 అని ఉంటే అది ఫెర్రోసయనైడ్, కిలోకి 10 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి. పేరు వినగానే సయనైడ్ అని భయపడతారు. అందులో సయనైడ్ ఇనుముతో గట్టిగా బంధించి ఉంటుంది, వంట వేడికి విడిపోదు.

మట్టి పోవాలి, అయోడిన్ ఉండాలి, చెంచా లెక్క కూడా కుదరాలి అంటే ఉప్పు నీళ్ళ సీసా పెట్టుకోండి:

అయోడిన్ దొడ్డుప్పు 50 గ్రాములు వంటింటి త్రాసులో తూయండి. కొలత గ్లాసులో వేసి, కాచి చల్లార్చిన నీళ్ళు కొన్ని పోసి కరిగించండి. తర్వాత మొత్తం 200 మిల్లీలీటర్ల గీత దాకా నీళ్ళు నింపండి. 200 నీళ్ళలో 50 ఉప్పు వేయడం కాదు, రెండూ కలిసి 200 కావాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు, ద్రావణం పలచనై లెక్క మారిపోతుంది. గంట కదపకుండా ఉంచితే మట్టి అడుక్కి దిగుతుంది. పైనుంచి నాలుగు మడతల పలచటి గుడ్డలో వడకట్టి గాజు సీసాలో పోసి మూత పెట్టండి. ఇనుము, అల్యూమినియం పాత్రలు వద్దు, ఉప్పు నీరు వాటిని తినేస్తుంది.

ఈ నీళ్ళు 5 మిల్లీలీటర్ల చెంచాడుకి 1.25 గ్రాముల ఉప్పు. ఉడికిన పప్పు 600 గ్రాములుంటే నాలుగు చెంచాలు, అంటే 5 గ్రాములు సరిపోతుంది. వారం తర్వాత మూడున్నర చెంచాలకి దించండి, చింతపండో నిమ్మరసమో కొంచెం పెంచండి. మీ నలుగురికి రోజు మొత్తానికి 12 చెంచాలు. పొద్దున్నే 60 మిల్లీలీటర్లు ఒక చిన్న గ్లాసులో పోసి పెట్టుకుంటే, రాత్రికి ఎంత మిగిలిందో కళ్ళకి కనబడుతుంది. వేపుళ్ళకి మాత్రం ఇది పనికిరాదు, ముక్క మెత్తబడుతుంది. వాటికి పొడి ఉప్పే దింపే ముందు చల్లండి.

జాడీ_మూత

వంటలో ఎంత తగ్గించినా మన ఇళ్ళలో లెక్క తప్పేది జాడీ దగ్గర. కిలో మామిడి ముక్కలకి 200 నుంచి 250 గ్రాముల ఉప్పు, దాదాపు అంతే కారం, అంతే ఆవపిండి, పైన నూనె. మొత్తం కలిపితే ఆవకాయలో పదో వంతుకి పైగా ఉప్పే. 20 గ్రాముల ముక్క, పిండి వేసుకుంటే 2 గ్రాములు అక్కడే వచ్చింది. మీ నాన్నగారి రోజువారీ 5 గ్రాముల లెక్కలో ఐదింట రెండు వంతులు.

దీనికి విరుగుడుగా ఆవకాయలో ఉప్పు తగ్గించి కలపకండి. ఉప్పు చాలకపోతే బూజు పడుతుంది, ముక్క మెత్తబడి పులిసిపోతుంది. ఉప్పు అలాగే ఉంచి వడ్డన తగ్గించండి: వారానికి రెండు రోజులు, చిన్న ముక్క ఒకటి. మిగతా రోజుల్లో రోటి పచ్చడి, దోసకాయో బీరకాయ తొక్కో ఏదైనా, అప్పటికప్పుడు చేసుకుంటే చాలా తక్కువ ఉప్పుతో అయిపోతుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలుస్తుంది కూడా.

అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు, ఎండు చేపలు కూడా ఇదే పద్దు. తినే సోడా మరిచిపోకండి, గ్రాముకి 270 మిల్లీగ్రాములకి పైగా సోడియం. బజ్జీల్లో, కొన్నిచోట్ల పప్పు త్వరగా ఉడకడానికి కూడా వేస్తారు.

అయోడిన్ ఉప్పుతో ఊరగాయ చెడిపోతుందని కూడా అంటారు. అంత తక్కువ మోతాదుకి ఏమీ కాదు. చెడగొట్టేది తడి. ఏ ఉప్పయినా ఎండలో ఆరబెట్టి పొడి చేసి కలపండి.

మానేరు_ఒడ్డు

అందరికీ చాలా థాంక్సండీ. సీసా పద్ధతి రేపటి నుంచే మొదలుపెడతాం. ఇంకో రెండు: షాపులో ‘లో సోడియం’ ఉప్పు ఉంది, బీపీ వాళ్ళకే అని రాసుంది. నాన్నకి అది వాడొచ్చా? ఆయన అసలు ఉప్పే మానేస్తానంటున్నారు, అది మంచిదేనా?

మందుల_చీటీ

డాక్టర్‌ని అడగకుండా ఆ ప్యాకెట్ విప్పకండి.

అందులో సోడియం క్లోరైడ్ కొంత తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మామూలుగా అది మంచి మార్పే. చైనాలో 600 పల్లెల్లో సుమారు 21 వేల మంది మీద జరిగిన అధ్యయనం 2021లో వచ్చింది. 75 శాతం సోడియం క్లోరైడ్, 25 శాతం పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవాళ్ళలో పక్షవాతం 14 శాతం తగ్గింది. కానీ టెల్మిసార్టాన్ ఒంట్లో పొటాషియం నిలిచిపోయేలా చేస్తుంది. లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ కూడా అంతే. దానికి తోడు కిడ్నీ బలహీనంగా ఉంటే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, ముందుగా లక్షణాలు కనబడకపోవచ్చు కూడా. ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బు ఎక్కువున్న ప్రాంతాల్లో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. సీరం క్రియాటినిన్, సీరం పొటాషియం పరీక్షలు చేయించి, ఆ కాగితం, ఉప్పు ప్యాకెట్ రెండూ డాక్టర్‌కి చూపించండి. వాడమంటే, మొదలుపెట్టాక పొటాషియం మళ్ళీ ఎప్పుడు చూడాలో కూడా అడగండి. ఇంట్లో అందరికీ అదే ఉప్పు పెట్టే ముందు మీ చెల్లెలి గురించి కూడా అడగాలి, ఆ ప్యాకెట్‌లో అయోడిన్ ఉందో లేదో చూడాలి.

పూర్తిగా మానేయడం వద్దు. వయసు పైబడినవాళ్ళు, అందులోనూ హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటి మూత్రం మందులు వాడేవాళ్ళు ఉప్పు మానేస్తే రక్తంలో సోడియం పడిపోయి తూలడం, మాట తడబడటం, మతిమరుపులా ఉండటం కనబడుతుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని వయసు ప్రభావం అనుకుంటారు. మీ నాన్నగారి మాత్ర పేరు పక్కన ‘హెచ్’ అనే అక్షరం ఉందేమో చూడండి, సాధారణంగా అలా ఉంటే అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కూడా కలిసి ఉంటుంది. ఉప్పు తగ్గించాక బీపీ మునుపటికంటే బాగా దిగితే మాత్ర మోతాదు మార్చాల్సి రావచ్చు. మీరుగా ఆపకండి, వారం రోజుల రీడింగులు రాసుకెళ్ళండి.

ఉప్పుమడి

తెచ్చిన ఐదు కిలోలు పారేయక్కర్లేదు. చిల్లుల బుట్టలో పోసి కింద పళ్ళెం పెట్టి పది రోజులు నీడన ఉంచండి, చేదు నీరు చాలావరకు దిగిపోతుంది. ఆ నీరు మొక్కలకి పోయకండి. తర్వాత ఎండలో ఆరబెట్టి మూత డబ్బాలో పెడితే పుక్కిలింతకి, కాళ్ళ కాపడానికి, పాత్రలు తోమడానికి వాడుకోవచ్చు. దాని డబ్బా మీద పేరు రాసి వంటింటి అరకి దూరంగా పెట్టండి. రోజువారీ అయోడిన్ ఉప్పు మాత్రం పొయ్యి పక్కన, కిటికీ దగ్గర వద్దు. ఆవిరి, ఎండ తగిలితే అయోడిన్ తగ్గుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో, పొడి చెంచాతో తీయండి. కూర ఉడికాక చివర్లో వేస్తే అయోడిన్ ఎక్కువ నిలుస్తుంది.